ఫోను తెరవద్దన్న ఆయమ్మ

పొద్దున కాఫీ గ్లాసు పక్కన పెట్టి ఫోను తీస్తే అది నా వేలిని గుర్తుపట్టలేదు. దానంతట అదే ఏదో అప్‌డేట్ చేసుకుని, ఆరి మళ్లీ వెలిగిందట. ‘ఫోను రీస్టార్ట్ అయింది, నంబరు కొట్టండి’ అని తెర మీద అక్షరాలు. ఇన్నేళ్లుగా నొక్కుతున్న బొటనవేలే. అయినా కాదు పొమ్మంది. వెంటనే ఆ మనిషి గుర్తొచ్చింది. పొద్దున్నే, పాచి మొహంతో గుర్తు చేసుకోవాలనిపించే మనిషి కాదు నాకు. కాఫీ అక్కడే చల్లారిపోయింది.

"ఏలికి తెలివి లేదు మ్మే. ఎవురు పట్టుకోని ఒత్తినా తెరిసేస్తాది. అంకెలైతే తలకాయలో ఉంటాయి. తలకాయను ఎవురొత్తగలరు?" అనేది ఆమె. పోలీసు స్టేషను నుంచి కబురొచ్చిందని ఎవరైనా వణుక్కుంటూ వస్తే, కేసేమిటని అడగడానికి ముందే చెప్పేది. "ముందు కడుపుకింత తిను. ఆ మీదట ఫోను ఆర్పేసి మళ్లా ఎలిగించు. అప్పుడు పో. పిలిచినారు గదా, పోకుండా ఉండొద్దు." ఆర్పి వెలిగిస్తే ఫోను వేలిని నమ్మదు, అంకెలే అడుగుతుంది. ఆ సంగతి నాకూ తెలుసు. కానీ నేను చెబితే అది సలహా. ఆమె చెబితే అదేదో దిష్టి తీసినట్టు జనం కళ్లకద్దుకుని పోయేవాళ్లు.

మాది తిరుపతి కోర్టు. ఇద్దరం అక్కడే క్రిమినల్ కేసులు చూసేవాళ్లం. అందరూ ఆమెను ‘ఆయమ్మ’ అనేవాళ్లు. ప్లీడర్లు, గుమాస్తాలు, ముద్దాయిల తల్లులు, చివరికి గేటు దగ్గర జెరాక్స్ మిషను పెట్టుకున్నతను కూడా. పేరుతో పనే లేదు. నన్ను మాత్రం మేడమ్ అనేవాళ్లు. ‘మేడమ్ వస్తాండాది, దారి ఇడువప్పా’ అని పక్కకు జరిగేవాళ్లు. జరగడం గౌరవమే, కాదనను. కానీ ఆమె వస్తుంటే ఎవరూ జరిగేవాళ్లు కాదు, చుట్టూ చేరేవాళ్లు. నా కడుపుమంట అక్కడే మొదలు. కుళ్లు అంటే కుళ్లే. దానికి ఇంకో మంచి పేరు వెతికే ఓపిక నాకు లేదు.

ఎందుకుండదు చెప్పండి? ఇద్దరం ఒకే తరగతిలో లా చదివాం. నా నోట్సు పట్టుకుపోయి, పసుపు మరకలతో తిరిగిచ్చేది. ర్యాంకు నాది. ఇంగ్లీషు నాది. పెద్ద కోర్టుల తీర్పులు నీళ్లు తాగినట్టు చెప్పేది నేను. ఆమె తీర్పు పేరు సగం చెప్పి, "అదే, ఆ కేసులో అన్నారు గదయ్యా, తమరికి తెలియందా" అని మిగతా సగం జడ్జిగారి మీదికే తోసేసేది. జడ్జిగారు మురిసిపోయి పూర్తి చేసేవారు. అదే నేను మొత్తం అప్పజెబితే, "కాస్త క్లుప్తంగా చెప్పండి మేడమ్" అనేవారు. ఇదేం న్యాయమండీ?

మనిషి పొట్టి. నల్లకోటు మోచేతుల దగ్గర వెలిసిపోయి పచ్చబడింది, అయినా మార్చేది కాదు. కోటు జేబులో ఎప్పుడూ బొరుగులు, వేయించిన పప్పులు. ఎవరు ఎదురుపడినా ముందు "తింటివా?" అనడం, ఆ తర్వాత పిడికెడు బొరుగులు చేతిలో పోయడం. ముద్దాయికి పోసేది, వాడి చేతికి తాడు కట్టి తెచ్చిన కానిస్టేబులుకీ పోసేది. నోటి నిండా బొరుగులున్న కానిస్టేబులు పక్కకు తిరిగి నములుతుంటే, ఆ కాసేపట్లో ఆమె ముద్దాయితో మాట్లాడవలసింది మాట్లాడేసేది. అదంతా ఎత్తే అని నేను చాలామందితో అన్నాను. నిజంగానే ఆకలి చూస్తుంది అని వాళ్లన్నారు. రెండూ అయ్యుండొచ్చు. నాకు మాత్రం మొదటిదే నిజమని నమ్మాలనిపించేది.

వరండా చివర విరిగిన కుర్చీ, ఒక బల్ల. అదే ఆమె ఆఫీసు. అక్కడ కూర్చున్నవాళ్లు మాట్లాడే ముందు ఫోన్లు బల్ల మీద పెట్టాలి. "మూతి బోర్లించండి" అనేది. తెరలు కిందికి పెట్టి, బోర్లా పడుకున్న పిల్లల్లా ఫోన్లన్నీ వరసగా ఉండేవి. తన ఫోను తెరిచేటప్పుడు చుట్టూ ఎవరూ లేకపోయినా కొంగు అడ్డం పెట్టుకుని నంబరు కొట్టేది. ఇంత జాగ్రత్త మనిషీ పొద్దున్నే టీ తాగుతూ ఏం చేసేదో తెలుసా? ఊళ్లో వాళ్ల వాట్సాప్ స్టేటస్‌లన్నీ వరసబెట్టి చూసేది. ఎవరింట్లో సీమంతం, ఎవరు కొత్త బండి కొన్నారు, ఎవరు ఎవరి మీద అలిగి పాట పెట్టారు, అన్నీ. "ఇదేంది, ఊరికంతా తాళాలెయ్యమని చెప్పి నువ్వు కిటికీల్లో చూస్తాండావు?" అని ఒకసారి ఎత్తిపొడిచాను. "వాళ్లు తెరిసిపెట్టిన కిటికీలో చూస్తాండా మ్మే, మూసినదాన్ని నేను తోస్తినా?" అంది. ఎంత మాటకు అంత మాట. ఇంటికి వెళ్లి పడుకున్నాక నాకు దానికి జవాబు తట్టింది, ఏం లాభం?

ఆమె అడిగే ప్రశ్న ఒకటుండేది. ఫోను తెరవమని పోలీసులు అడుగుతున్నారని ఎవరైనా చెబితే, నేనైతే ‘అందులో ఏముంది?’ అని అడుగుతాను. ఏ ప్లీడరైనా అదే అడుగుతాడు. ఆమె అలా కాదు. "ఫోన్లో నీతో పాటు ఎవురెవురుండారు?" అనేది. కేసు ఒకడి మీదే అయినా ఫోన్లో వాడొక్కడే ఉండడట. వాళ్లమ్మ గర్భసంచి స్కానింగు ఉంటుంది, పెళ్లాం అలిగి పంపిన మెసేజీలుంటాయి, చెల్లెలి ఫోటోలుంటాయి. "వీడి మీద కేసు పెడితే వాళ్లందరి మీదా పెట్టినట్టా?" అని వాదించేది. ఈ ముక్క పుస్తకాల్లో చదివింది నేను, మీటింగుల్లో మాట్లాడింది నేను. ముద్దాయిని అడగాలని మాత్రం ఆమెకు తట్టింది.

ఇప్పుడు మునిరత్నం సంగతి చెప్పాలి. అది చెప్పకుండా ఆమె సంగతి చెప్పినట్టు కాదు. మునిరత్నం రైల్వే స్టేషను ముందర టూరిస్టు కారు నడిపేవాడు. వాడి భార్య సుజాత మా వీధి చివర లాడ్జిలో గదులు ఊడ్చి దుప్పట్లు మార్చే పని చేసేది. ఒకరోజు ఏడుస్తూ మా గేటు పట్టుకుంది. మామండూరు దారిలో మునిరత్నం కారు ఆపారు. వెనకాలే వచ్చిన వ్యానులో ఎర్రచందనం దుంగలు దొరికాయి. కారును బాడుగకు మాట్లాడుకుని ఎక్కిన మనుషులు దూకి పారిపోయారు. ఇలాంటి పనిలో ముందొక కారు పోతుంది, దారిలో తనిఖీ ఉంటే వెనక బండికి ఫోను చేసి చెబుతుంది. దాన్ని పైలట్ కారు అంటారు. నీది ఆ కారే అన్నారు పోలీసులు.

"బాడుగకు పోయినా మేడమ్. ఎనకాల బండి ఎవురిదో నాకు తెలీదు" అన్నాడు మునిరత్నం. నేను నమ్మాను. వాడి మామూలు కాల్స్ జాబితా కంపెనీ నుంచి తెప్పించారు, అందులో ఏమీ లేదు. వాట్సాప్‌లో చేసుంటాడని వాళ్ల అనుమానం. ఆ మాటలు మధ్యలో ఎవరూ వినలేరు, కంపెనీ వాళ్లను అడిగినా దొరకవు. ఫోను తెరిస్తేనే ఏదైనా కనిపించేది. పట్టుకున్నప్పుడు ఛార్జింగు అయిపోయి ఆరిపోయి ఉంది కాబట్టి, వెలిగిస్తే వేలు కాదంది, అంకెలడిగింది. ఆ అంకెలు వీడు చెప్పడు.

"దాచేదేమీ లేదంటున్నావు కదా, చెప్పేయ్. నువ్వు ఎవరికీ చేయలేదని తేలిపోతుంది. బెయిలు చేతిలో పెట్టినట్టే" అన్నాను. తల అడ్డంగా ఊపాడు. గట్టిగా అడిగాను, నచ్చజెప్పాను, అరిచాను. నేల చూస్తూ నిలబడ్డాడు. ఇలాంటి మొద్దు రాచిప్పను నేనెక్కడా చూడలేదని వాడి పెళ్లాం ముందే అన్నాను.

అసలు సంగతి నాకు చాలా రోజుల తర్వాతగానీ తెలియలేదు. మిమ్మల్ని అలా నిలబెట్టడం నాకిష్టం లేదు, ఇప్పుడే చెప్పేస్తాను. మునిరత్నానికి రేవతి అని చెల్లెలుంది. దాని మొగుడు ఈ పక్కనే ఇంకో స్టేషనులో కానిస్టేబులు. తాగినా కొట్టేవాడు, తాగకపోయినా కొట్టేవాడు. చెయ్యి విరగ్గొట్టినప్పుడు ఫిర్యాదు ఇస్తే ఆ కాగితం తిరిగి మొగుడి చేతికే వచ్చింది. దాంతో ఆ పిల్ల ఎవరికీ చెప్పకుండా నాయుడుపేటకు పోయి, అక్కడొక ఫ్యాక్టరీలో పనికి కుదిరి, తోటి ఆడపిల్లలతో గది తీసుకుని ఉంది. ఎక్కడుందో అన్నకూ వదినకూ తప్ప తెలియదు. రోజూ క్షేమంగా ఉన్నానని అన్నకు మెసేజీ పెడుతుంది. గది ఫోటో, ఫ్యాక్టరీ ఫోటో, అన్నీ ఆ ఫోన్లోనే. తెరిస్తే చూసేది ఎవరు? ఆ మొగుడితో కలిసి డ్యూటీ చేసినవాళ్లు. అందుకే వాడు జైలుకైనా పోతానన్నాడుగానీ అంకెలు చెప్పలేదు. ఎవరి నోటి నుంచి పోలీసులకు చేరుతుందోనని నాకు కూడా చెప్పలేదు.

ఆయమ్మకు చెప్పాడు.

రిమాండు పొడిగించడానికి తీసుకొచ్చిన రోజది. నేను లోపల ఫైలు కోసం పోయి తిరిగొచ్చేసరికి, వరండాలో ఎస్కార్టు కానిస్టేబులు బొరుగులు నములుతున్నాడు. ఆమె మునిరత్నం పక్కన నిలబడి ఉంది. వాడు మోచేత్తో కళ్లు తుడుచుకుంటున్నాడు. నా ముందర ఒక్క చుక్క రాల్చనివాడు! నా ఒళ్లంతా మంటెత్తింది.

"నా క్లయింటుతో నీకేం మాటలు?" అన్నాను.

"తింటివా అని అడిగినా మ్మే" అంది తాపీగా.

మర్నాడు సుజాత వచ్చి గుమ్మం బయటే నిలబడింది. "మేడమ్, తప్పుగా అనుకోవద్దు. ఆయన ఆయమ్మను పెట్టుకుందాం అంటాండాడు" అంది. ప్లీడరును మార్చుకుంటే పాత ప్లీడరు ‘నాకు అభ్యంతరం లేదు’ అని కొత్త వకాలత్ మీద సంతకం పెట్టాలి. మా వృత్తిలో అది మర్యాద. ఆ కాగితం పట్టుకుని ఆయమ్మే స్వయంగా వచ్చింది. పంపించడానికి గుమాస్తా లేడా? ఉన్నాడు. అయినా తనే వచ్చింది.

"ఏం చెప్పాడు నీకు?" అన్నాను, పెన్ను మూత తీయకుండా.

"అది నా నోట రాదు."

"నాకు కూడానా?"

"నీక్కూడా."

"సంతకం పెట్టకపోతే?"

"పెడతావులే. నోరు పెద్దదేగానీ చెయ్యి మంచిది నీది" అంది. పెట్టాను. కాగితం చిరిగేంత గట్టిగా పెట్టాను. అభ్యంతరం లేదట! నిలువెల్లా అభ్యంతరమే నాకు.

పోలీసులు ఊరుకోలేదు. ముద్దాయి ఫోను నంబరు చెప్పాలని ఆదేశించమంటూ కోర్టులో అర్జీ వేశారు. ఆ వాదన వినడానికి నాకేం పనిలేకపోయినా పోయి వెనక బెంచీలో కూర్చున్నాను. ఆమె ఓడిపోతే చూడాలని పోయాను, ఇంకెందుకు? ప్రభుత్వ ప్లీడరు బాగానే మాట్లాడాడు. అడవి కొట్టుకుపోతోందన్నాడు, దొంగలు ఫోన్ల చాటున దాక్కుంటున్నారన్నాడు, ఇంటిని సోదా చేసే అధికారం ఉన్నప్పుడు ఫోనుకెందుకు లేదన్నాడు. అందులో అబద్ధమేమీ లేదు. ఆమె లేచి, కోటు సర్దుకుంది.

"అయ్యా, తాళంచెవి జేబులో ఉంటే తీసుకోమనండి. తలకాయలో ఉంటే అడగాల. అడిగితే చెప్పకుండా ఉండే హక్కు ముద్దాయికి ఉండాది. అన్నం పెట్టకుండా, నిద్రపోనీకుండా చెప్పించకూడదని గదా మనం ఈ హక్కు పెట్టుకునింది. ఫోనేమో వాళ్ల దగ్గరే ఉండాది. తెరుసుకోమనండి, వాళ్ల శాస్త్రంతో తెరుసుకోమనండి. నా క్లయింటు నోటితో తెరవమంటే మాత్రం వాడి మీద వాడి చేతనే సాక్ష్యం చెప్పించినట్టు గదా? ఆ కేసులో అన్నారు గదయ్యా, తమరికి తెలియందా."

జడ్జిగారు ఆ కేసు పేరు చెప్పారు! అవునూ అనలేదు, కాదూ అనలేదు, వాయిదా వేశారు. ఆ తర్వాత వాయిదా మీద వాయిదా. ల్యాబుకు పంపిన ఫోను తెరుచుకోలేదని తిరిగొచ్చింది. ఆ మధ్యలో మునిరత్నం సబ్‌జైల్లో చిక్కి సగమయ్యాడు. సుజాత ఒకసారి దారిలో ఎదురై, "మీ మాట వినింటే ఈపాటికి ఇంట్లో ఉండేవాడేమో మేడమ్" అంది. ఆ మాట నాకు పాయసం తాగినట్టుంది. ఇంటిదాకా చప్పరించుకుంటూ పోయాను. చివరికి పారిపోయిన బాడుగ మనుషుల్లో ఒకడు దొరికి, డ్రైవరుకు ఏమీ తెలియదని చెప్పాక బెయిలొచ్చింది. మూసిన ఫోను మూసినట్టే ఉంది. ఊరంతా ఆయమ్మే గెలిచిందన్నారు.

ఆ తర్వాత జరిగింది వినండి. మునిరత్నం బయటికొస్తే ఇంటిల్లిపాదీ కొండకొచ్చి గుండు చేయించుకుంటామని సుజాత మొక్కుకుందట. రేవతిని కూడా రమ్మన్నారు. గుట్టుగా వచ్చి గుట్టుగా పోవాలని అనుకున్నారు. వచ్చింది. అలిపిరి దగ్గర అందరూ కలిసి ఫోటో తీసుకున్నారు. ఆ సుజాత ఉంది చూశారూ, సంతోషం పట్టలేక ఆ ఫోటో స్టేటస్‌లో పెట్టింది! ‘మా ఆయనకు మంచి జరిగింది, మొక్కు తీర్చుకోను కొండకు పోతాండాము’ అని రాసి, కింద దండం పెట్టే బొమ్మలు. ఆడబిడ్డ మొగుడి నంబరు ఆమె ఫోన్లో ‘అన్న’ అని ఇంకా అలాగే ఉంది. ఇంత పోలీసు శాఖ, ఇంత ల్యాబు తెరవలేని గుట్టు, మొక్కు ఫలించిన సంబరంలో చేజేతులా తెరిచిపెట్టారు.

ఆరోజు కోర్టుకు సెలవు. ఆయమ్మ ఫోను చేసింది. నాకు ఆమె ఫోను చేయడమే అరుదు.

"ఏమ్మే, యాడుండావు?"

"ఇంట్లో. ఏం?"

"నేను వేలూరులో ఉండా. ఆస్పత్రిలో, స్కానింగుకు లైన్లో కూర్చోనుండా. బిన్నా పో, ఉన్నపళంగా బస్టాండుకు పో."

ఎందుకు వేలూరు, ఎవరికి స్కానింగు అని కూడా అడగనివ్వలేదు. లైన్లో కూర్చుని అలవాటుగా స్టేటస్‌లు చూస్తుంటే సుజాత ఫోటో కనిపించిందట. ఆ మొగుడూ చూసే ఉంటాడు, చూస్తే బస్టాండులో కాపు కాస్తాడు. రేవతి కథంతా అప్పుడు చెప్పింది, గబగబా. అన్నకు ఫోను చేస్తే మోగడం లేదట, దర్శనానికి పోయేవాళ్లు ఫోన్లు బయటే ఇచ్చేసి పోవాలి కదా.

"ఇంకెవరూ దొరకలేదా?" అన్నాను. కోపమొచ్చింది. ఇన్నాళ్లూ దాచి, అవసరమొచ్చాక చెబుతుందా?

"దొరికినారు. నీ అంత గట్టిగా అరిసేవాళ్లు దొరకలేదు" అంది.

ఆమె పంపిన ఫోటో చూసుకుంటూ ఆటోలో పోయాను. మోకాళ్ల దాకా జడ ఉన్న పిల్ల. తీరా బస్టాండులో చూస్తే ఎటు చూసినా గుండ్లే. మొగా ఆడా పిల్లా ముసలీ, అందరికీ గుండు, అందరి తల మీదా గంధం, అందరి చేతుల్లో లడ్డూ సంచులు. తిరుపతి బస్టాండులో జడ చూసి మనిషిని పట్టుకుందామనుకున్న నా తెలివి తెల్లారినట్టే ఉంది. చాలాసేపు వెతికాక, చివరికి మునిరత్నాన్ని నడక చూసి గుర్తుపట్టాను. వాడి వెనకాల బోడి తల మీద కొంగు కప్పుకుని ఒక పిల్ల. నాయుడుపేట బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. ఆ బస్సు తలుపుకు కాస్త ఇవతల మామూలు బట్టల్లో ఒకడు నిలబడి ఉన్నాడు. కాళ్లకు మాత్రం ఆ ఎర్రబూట్లు. బట్టలు మార్చుకున్నా పోలీసువాళ్లకు బూట్లు మార్చుకోవాలని తట్టదు. వాడి కళ్లు కూడా జడల కోసమే వెతుకుతున్నాయి.

నేరుగా పోయి వాడి బూటు కింద నా కాలు పెట్టినంత పని చేసి, కేక పెట్టాను. "ఏమయ్యా, కండ్లు కనపడ్లా? ఆడమనిషి కాలు తొక్కి నిలబడతావా?"

"నేనెప్పుడు తొక్కినామ్మా?"

"తొక్కలేదంట! సూడండప్పా, తొక్కి మళ్లా బుకాయిస్తాండాడు. కొండ మీద నుంచి దిగొచ్చిన మనుషుల్ని ఇట్లనేనా తొక్కేది?"

కోపంలో నాకు ఇంగ్లీషు రాదు, ప్లీడరు తెలుగూ రాదు. మా నాయన మాట్లాడిన పలమనేరు తెలుగే వస్తుంది. జనం మూగారు. ఎవడో "క్షమాపణ చెప్పప్పా, పెద్దావిడ" అన్నాడు. పెద్దావిడ అన్నందుకు వాడినీ నాలుగు తిట్టాలనిపించింది, కానీ టైము లేదు.

"నేను పోలీసును, తెలుసా?" అన్నాడు.

"పోలీసైతే? నా కాలి మీద డ్యూటీ చేస్తావా? ఏ స్టేషను నీది? చెప్పు, రాసుకుంటా."

వాడు నా వైపు తిరిగి గొంతు పెంచాడు. వాడి వీపుకు మూరెడు దూరంలో ఆ పిల్ల నడిచి బస్సెక్కింది. ఒకసారి వాడు తల తిప్పి చూశాడు కూడా. కొంగు జారిన గుండు కనిపించింది, పెళ్లాం కనిపించలేదు. బస్సు కదిలింది. బస్సు గేటు దాటేదాకా నేను అరుస్తూనే ఉన్నాను. నా జీవితంలో ఏ కోర్టులోనూ అంత బాగా వాదించలేదు, ఒట్టు.

ఆయమ్మకు ఫోను చేసి బస్సెక్కిందని చెప్పాను. అవతల ముక్కు చీదిన చప్పుడు. "గొంతు పోయుంటాది. రొంత నీళ్లు తాగు" అంది.

ఇంత చేశానా? మరుసటి వారం మునిరత్నం, సుజాత కోర్టుకొచ్చి ఆమె కాళ్లకు మొక్కారు. ‘ఆయమ్మ వేలూరు నుంచే కాపాడింది’ అని వరండా అంతా మోగిపోయింది. నాకూ ఒక లడ్డూ ఇచ్చారు. ఇవ్వమని ఆయమ్మ చెప్పిందట! ఆ లడ్డూను తినకుండా ఫైళ్ల సంచిలో కుక్కేశాను. ఆమె దూరం నుంచి చూసి నవ్వింది. ఆ నవ్వులో గర్వం ఉంటే తిట్టుకుని ఊరుకునేదాన్ని. గర్వం లేదు. అదే నాకు భరించరాకుండా పోయింది.

వేలూరు స్కానింగు ఆమెకే. ఎవరికీ చెప్పలేదు. కొంత కాలానికి కోర్టుకు రావడం తగ్గింది, తర్వాత మానేసింది. పోయిన సంవత్సరం ఒక మధ్యాహ్నం పోయింది. ఇంటికి పోతే ఇసుక వేస్తే రాలనంత జనం. నేను చచ్చిపోతే ఇందులో పాతికో వంతు వస్తారా అని అక్కడ నిలబడే లెక్క వేసుకున్నాను, ఏం దాచుకోను? శవం పక్కన బల్ల మీద ఆమె ఫోను బోర్లా ఉంది. మోగినప్పుడల్లా ఆమె భర్త ఎత్తి, "లేదప్పా, పోయింది" అని చెబుతున్నాడు. ఎత్తడం వస్తోందిగానీ తెరవడం ఎవరికీ రాదు. "మీకు నంబరు తెలిసుంటాదేమో మేడమ్, చదువుకునేటప్పటి స్నేహితులు గదా" అని నన్ను అడిగాడు. స్నేహితులమట! తెలియదన్నాను. నాకు కూడా చెప్పలేదా అని ఆ వేళప్పుడు కూడా చిన్న పోటు పొడిచింది.

సాయంత్రమయ్యేసరికి ఒక పిల్ల వచ్చింది. జుట్టు భుజాల దాకా పెరిగింది. శవం మీద పడి ఏడ్చింది, తల్లి పోయినట్టు ఏడ్చింది. లేచి కళ్లు తుడుచుకుంటూ నా దగ్గరికొచ్చింది. నా మొహం వంక తేరిపార చూసింది.

"ఆ పొద్దు బస్టాండుకు ఆయమ్మ పంపించిన మేడమ్ మీరే గదా?"

"అవును" అన్నాను. ఇంకేమంటాను? ఆమె పంపగా పోయినదాన్నే.

"వాడు మళ్లా ఎతుకుతాండాడు మేడమ్. గది మార్చినాను. పనీ మార్చినాను."

"ఇకనుంచి నేను చూసుకుంటాను. కోర్టులో వెయ్యవలసింది వేద్దాం. నీ నంబరు చెప్పు" అని ఫోను తీశాను. ఆ మాట అనడానికి నేను ఎన్నాళ్లు ఎదురుచూశానో ఆ పిల్లకేం తెలుసు?

ఆ పిల్ల శవం వైపు చూసింది. "నంబరు ఎవురికీ ఇయ్యొద్దనింది మేడమ్ ఆయమ్మ."

"నాకు కూడానా?"

"ఎవురికీ అంటే ఎవురికీ అని చెప్పింది. మీరేమీ అనుకోవద్దు. మీ నంబరియ్యండి, అవసరమైతే నేనే చేస్తా."

నిప్పు మింగినట్టయింది. చచ్చి పడుకుని కూడా నా ముందర తలుపు వేసింది! ఆ పిల్లను కసురుకుందామనుకున్నాను. కానీ అది చేసినదే సరైన పని. ఏ ప్లీడరును అడిగినా అదే చెబుతాడు, నేనైనా అదే చెబుతాను. "మంచి పని చేసినావు" అన్నాను, పళ్లు కొరుక్కుంటూనే. నా నంబరు అంకె అంకె చెప్పాను. ఆ పిల్ల కొట్టుకుంది. కొట్టుకునేటప్పుడు తెర నాకు కనబడకుండా కొంగు అడ్డం పెట్టుకుంది.

ఇప్పటికీ ఆ ఫోను రాలేదు. వచ్చిందంటే మొగుడు కనిపెట్టాడనే అర్థం. రాకూడదని రోజూ కొండ వైపు తిరిగి దండం పెట్టుకుంటాను. అయినా తెలియని నంబరు నుంచి ఎప్పుడు మోగినా, పొయ్యి మీద పాలున్నా సరే వదిలేసి పరుగెత్తుతాను. ఆ పిల్లకు కష్టం రాకూడదు. వస్తే మాత్రం నాకే చెయ్యాలి.